ముప్పై సెకన్ల జ్ఞాపకం

పుంతా అరెనాస్‌లో గాలి ఒక్కటే
అడక్కుండా ఇంట్లోకొస్తుంది.
మిగతావన్నీ అడిగే రావాలి.

ఆ అడిగే పెట్టె
ఫ్రేసియా మ్లదినిచ్ వంటింట్లో, రొట్టెల డబ్బా వెనకాల
పిండి దుమ్ము కప్పుకుని కూర్చుంది.
రెండు పచ్చ దీపాలు, ఒక నారింజ దీపం.
కంపెనీ చొక్కాతో, తడి బూట్లతో
దాని ముందు మోకాళ్ళ మీద నేను.

"మా తమ్ముడు రావట్లేదు" అంది.
నెట్ రావట్లేదనేవాళ్ళని పదేళ్ళుగా చూస్తున్నాను.
ఈ ఫిర్యాదు కొత్త.

జలసంధికి ఆవల, పోర్వెనీర్‌లో ఉంటాడు దాంకో.
నాన్న పడవ ఇంజను చెప్పకుండా అమ్మేశాడని
ఏప్రిల్ నుంచి మాటల్లేవు.
ఇంకా తెగనిది ఒక్క ఆట:
తెర మీద ఒకే పడవ,
ఒకరు తెడ్డేస్తే ఒకరు లాంతరు పట్టాలి.
పదకొండు రాత్రులుగా, పదింటికల్లా,
ఆమె పడవ రేవుకి కట్టి కూర్చుంటోంది.
లాంతరు చోటు ఖాళీ.
"వాడికే ఇష్టం లేదేమో లెండి."

పెట్టె చిట్టా విప్పి చూశాను.
వచ్చాడు.
పదకొండు రాత్రులూ వచ్చాడు,
రాత్రికి ఏడేసి సార్లు.

ఎలా చెప్పను ఆమెకి?
లోకానికి ఈ ఇంటి నంబరు ఒక్కటే.
లోపల కంప్యూటరుంది, ఫోనుంది, టీవీ ఉంది,
బరువు తూచే యంత్రం కూడా ఉంది, దానికీ నెట్ కావాలట.
బయటి నుంచి ఊడిపడ్డ పిలుపు
వీటిలో ఎవరికోసమో పెట్టెకి తెలీదు.
తెలీనిదాన్ని తిప్పి పంపదు,
కాదనదు, కసరదు.
చేతిలోంచి జారవిడుస్తుంది, అంతే.
అవతలివాడికి వినిపించేది నిశ్శబ్దం.
దాన్ని వాడు అక్క కోపంగా చదువుకున్నాడు.
ఇవతల ఆమె తమ్ముడి కోపంగా చదువుకుంది.
మధ్యలో పిండి దుమ్ములో పెట్టె
ఎవరి మీదా కోపం లేకుండా మిణుకుమంటోంది.

"ఒక తలుపు శాశ్వతంగా తీసిపెడతాను" అన్నాను,
"నలభై ఒక్క వేల ఏడువందల ఏడో నంబరు తలుపు.
ఎవరొచ్చినా తిన్నగా మీ ఆటలోకే."
"ఎవరొచ్చినానా?"
"ఎవరొచ్చినా."
"వద్దు. వాడొక్కడే రావాలి."

అయితే ఇంకో దారుంది.
ఈ పెట్టెకి కాస్త మతి ఉంది, కొంచెమే:
లోపల్నుంచి ఎవరు ఎవర్ని పిలిచారో
చీటీ మీద రాసుకుంటుంది.
జవాబొస్తే చీటీ చూసి లోపలికి పంపుతుంది.
ముప్పై సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే
చీటీ చింపేస్తుంది.
ఆ తర్వాత తోడబుట్టినవాడైనా పరాయివాడే.

"అంటే?"
"మీరూ పిలవాలి మేడమ్.
ఎదురుచూస్తే ఇది లెక్కలోకి తీసుకోదు."

చాలాసేపు కెటిల్ వైపు చూసింది.
గాలి రేకుల్ని పీకుతోంది.
తొమ్మిదీ యాభై ఎనిమిది.

పదింటికి మీట నొక్కింది.
ఆమె తొలి పిలుపు
జలసంధి దాటి, దాంకో గడపకి తగిలి, రాలిపోయింది.
అక్కడి పెట్టెకీ ఆమె పరాయిదే మరి.
కానీ గడప దాటేటప్పుడు
ఇక్కడొక చీటీ రాయించి వెళ్ళింది.
వెనకే వాడి పిలుపు వచ్చి ఆగింది.
పెట్టె చీటీ చూసుకుంది:
ఈ నంబర్ని మనవాళ్ళే పిలిచారుగా!
వాడి గడప మీదా ఈలోగా చీటీ పడింది,
ఆమె రెండో పిలుపు రాలలేదు.

తెర మీద లాంతరు వెలిగింది.
ఆమె ఏమీ అనలేదు. తెడ్డు వేసింది.

కంపెనీ కాగితంలో 'లోపం ఎక్కడ' అనే గడి ఉంటుంది.
పెట్టె, తీగ, వినియోగదారుడు: ఒకదానికి టిక్కు పెట్టాలి.
నేను పెన్ను మూసేశాను.

పడవలో మాటల్లేవు ఇంకా.
కానీ ఆట తనంతట తాను
పదిహేను సెకన్లకోసారి ఒక ఖాళీ కబురు పంపుతుంటుంది,
ఇట్నుంచి అటూ, అట్నుంచి ఇటూ.
అందులో ఏమీ ఉండదు.
చీటీ చిరగకుండా ఉండటానికి
అది చాలు.